దిగకుండా లేచిపోవడం నేర్చుకున్న సంగతి

నూజివీడులో ఇప్పుడు నన్నందరూ కెప్టెన్ గారనే అంటారు. బస్టాండు దగ్గర టీకొట్టు అతనైతే "కెప్టెన్ గారికి పంచదార తక్కువ" అని వీధంతా వినబడేలా కేకేస్తాడు. ఆ మాట అంత సులువుగా జనం నోట్లో నలుగుతుంటే నాకు లోపల్లోపల నవ్వొస్తుంది. ఎందుకంటే ఇరవై ఏళ్ళు ఎయిర్‌ఫోర్స్‌లో విమానాలు నడిపి, కొండల్లో దిగి, వానల్లో ఎగిరి వచ్చిన నేను ఎయిర్‌లైన్స్‌లో కెప్టెన్ పరీక్ష ఫెయిలయ్యాను. రెండోసారి కూడా పోతే ఇక కుడి సీట్లోనే, అంటే కో-పైలట్‌గానే రిటైరైపోయేవాణ్ణి. ఈ రాత ఆ సంగతి చెప్పడానికే.

రాయాల్సిన అవసరం ముసునూరు అమ్మాయి వల్ల వచ్చింది. పేరు హారిక. డిగ్రీ ఆఖరి ఏడు. ఓ ఆదివారం పొద్దున్నే స్కూటీ వేసుకుని వచ్చి, వరండాలో కూర్చుని, ఏ మొహమాటమూ లేకుండా అడిగేసింది.

"అంకుల్, ఎయిర్‌ఫోర్స్‌లో ఊరికే పైలట్ ట్రైనింగ్ ఇస్తారట కదా. కొన్నాళ్ళు అక్కడ చేసి ఎయిర్‌లైన్స్‌కి వచ్చేయొచ్చా?"

"రావచ్చమ్మా. నేను వచ్చానుగా."

"మరి మా వాట్సాప్ గ్రూపులో వాళ్ళేమో అక్కణ్ణుంచి వస్తే నేరుగా కెప్టెనే అంటున్నారు?"

అప్పుడు మొదలెట్టాను. రెండు గంటలయింది. ఆ అమ్మాయి టీ చల్లారిపోయింది, వాళ్ళమ్మ మూడుసార్లు ఫోన్ చేసింది. ఇంటికెళ్తూ "ఇదంతా రాసి పెట్టండి అంకుల్, మా ఫ్రెండ్స్ కూడా చదువుతారు" అంది. ప్రమోషన్లు, మెడల్స్, ఎవరెవరితో దిగిన ఫొటోలు ఇందులో ఉండవు. అవి కావాలంటే మా ఆవిడ సుశీల బీరువాలో దాచింది, వచ్చి చూసుకోవచ్చు.

ఊరికే నేర్పుతారన్న మాట

ముందు కటువుగా ఒక మాట చెప్పేస్తాను. ఎయిర్‌ఫోర్స్‌లో చేరేవాళ్ళు ఎయిర్‌ఫోర్స్ కోసమే చేరాలి. ఎయిర్‌లైన్స్‌కి అదొక దొడ్డిదారి అనుకుని చేరితే రెంటికీ చెడ్డ రేవడైపోతారు. లోపలికెళ్ళాక మిమ్మల్ని ఫైటర్‌కి పంపుతారో, హెలికాప్టర్‌కి పంపుతారో, సరుకులు మోసే రవాణా విమానానికి పంపుతారో మీ చేతిలో ఉండదు. వెళ్ళిపోతానంటే సరే వెళ్ళమని మర్నాడే పంపించరు. వాళ్ళు మీ మీద పెట్టింది పెట్రోలు ఒక్కటే కాదు, నలుగురైదుగురు మంచి గురువుల జీవితం కూడా. దాన్ని ఊరికే అనడం నాకు ఒళ్ళు మండే మాట.

పైగా పైలట్ ఆప్టిట్యూడ్ పరీక్ష జన్మకి ఒక్కసారే. అందులో పోతే మళ్ళీ రాయనివ్వరు. నేను రాసేనాటికి నాకు సైకిల్ తప్ప ఏదీ నడపడం రాదు. మాది మామిడికాయల వ్యాపారం. మా నాన్న రెడ్డిగూడెం నుంచి మైలవరం దాకా తోటలు పూత మీదే బేరం మాట్లాడుకునేవాడు. నేను కొట్లో కూర్చుంటే కాయ ఏరడం కూడా సరిగ్గా రాదని ఆయన బాధ. పరీక్షకి వెళ్తున్నానని తెలిసి అమ్మతో అన్నాడు, "కొట్టు ముందు రిక్షా అడ్డం పెడితే పక్కకి లాగడం చేతకాదు వీడికి, విమానం లాగుతాట్ట."

ఒక కుర్చీ, ఒక కర్ర, కాళ్ళ కింద రెండు పెడళ్ళు. ఎదురుగా ఒక దీపం అటూ ఇటూ పరుగెడుతుంటే దాన్ని మధ్యలోకి తెచ్చి నిలపాలి. నా పక్కన బుల్లెట్టు నడిపే కుర్రాళ్ళు, ట్రాక్టరు నడిపే కుర్రాళ్ళు చాలామంది పోయారు. నేను పాసయ్యాను. చేతికి పాత అలవాటు ఏదీ లేకపోవడమే కలిసొచ్చిందని తర్వాత తెలిసింది. మా నాన్నకి టెలిగ్రాం ఇస్తే రెండ్రోజులు నమ్మలేదు.

పెన్సిలు

ట్రైనింగ్‌లో నా గురువు కుల్కర్ణి సార్. సన్నగా, పొట్టిగా, గట్టిగా ఊదితే ఎగిరిపోయేలా ఉండేవాడు. కోపం వస్తే గొంతు పెంచడు, ఇంకా తగ్గిస్తాడు. అది మరీ భయం.

మొదటి నాలుగు రోజులూ నేను గాల్లో వాంతి చేసుకున్నాను. ఎవరు చేసుకున్నది వాళ్ళే కడుక్కోవాలని అక్కడ రూలు. బకెట్టు, గుడ్డ పట్టుకుని కాక్‌పిట్‌లోకి దూరుతుంటే మెకానిక్కులు వరసగా నిలబడి సెల్యూట్ చేసేవాళ్ళు. అయిదో రోజు వాంతి కాలేదు. వాళ్ళే చప్పట్లు కొట్టారు.

అసలు రోగం వాంతి కాదు. నేను కర్రని పీక పిసికినట్టు పట్టుకునేవాణ్ణి. విమానం ఊగేది. ఊగుతోందని ఇంకా బిగించేవాణ్ణి, అది ఇంకా ఊగేది. కుల్కర్ణి సార్ ఒకరోజు జేబులోంచి పెన్సిలు తీసి నా వేళ్ళ మధ్య అడ్డంగా దూర్చి, "ఇప్పుడు పట్టుకో" అన్నాడు. బిగిస్తే పెన్సిలు వేళ్ళ ఎముకల్ని నొక్కేది. ప్రాణం పోయేది. వదులుగా పట్టుకుంటేనే సుఖం. మూడు రోజులు ఆ పెన్సిలుతోనే ఎగిరాను. పండిన రసం మామిడి మీద బొటనవేలు పెట్టి నొక్కేవాళ్ళని మా నాన్న కొట్లోంచి దింపేసేవాడు, "వేళ్ళ మీద పెట్టుకో, అదే చెబుతుంది పండిందో లేదో" అని. పంతొమ్మిదేళ్ళు కొట్లో విన్న మాట విమానంలో అర్థమైంది.

ఒంటరిగా ఎగిరిన రోజు నాకు పెళ్ళి రోజు కన్నా బాగా గుర్తుంది. ఇది సుశీలకి తెలుసు, ఒప్పుకుంది కూడా. కుల్కర్ణి సార్ విమానం ఆపించి, బెల్టు విప్పుకుని దిగి, "ఒక చుట్టు తిరిగి రా" అని వెనక్కి చూడకుండా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. పక్క సీటు ఖాళీ. బరువు తగ్గి విమానం గబుక్కున లేచింది. నేను గట్టిగా పాడాను. ఏం పాడానో అడక్కండి, రేడియో బటన్ మీద వేలుందని దిగాక తెలిసింది. టవర్‌లో అందరూ విన్నారు.

సోలో అయినవాడు అందరికీ తీపి పంచాలి. నేను ఇంటికి ఉత్తరం రాస్తే మా నాన్న బస్సు మీద రెండు గంపలు చిన్న రసాలు పంపించాడు. మెస్‌లో ఒక్కడికీ వాటిని తినడం రాదు. ఫోర్కులూ చాకులూ తెచ్చారు. రసాన్ని చాకుతో కోస్తే ఏమవుతుందో మన వాళ్ళకి చెప్పక్కర్లేదు. "కోయకండి సార్, మెల్లగా పిసికి, ముచ్చిక తీసి పీల్చాలి" అని నేను చెబుతూనే ఉన్నాను. కుల్కర్ణి సార్ ముచ్చిక తీయకుండా పిసికాడు. టెంక నేరుగా ఎదురుగా కూర్చున్న పెద్దాఫీసరు గుండెల మీద, మెడల్స్ పక్కన తగిలింది. పెద్దాఫీసరు టెంకని తీసి, చూసి, చీకి, "ఇంకోటి" అన్నాడు.

వంపు తిరిగాక

తర్వాత నన్ను రవాణా విమానాలకి పంపారు. పదకొండేళ్ళు ఈశాన్య కొండల్లో ఎగిరాను. బియ్యం, కిరోసిను, మేకలు, పెళ్ళికి వెళ్ళే సిపాయిలు, ఒకసారి ఒక స్కూలు హార్మోనియం. ఆ ఉద్యోగమంత ఆనందం నాకు ఇంకెక్కడా దొరకలేదు. విమానం తలుపు తీయగానే చలిలో నిలబడి ఉత్తరాల సంచీ కోసం చేతులు చాపే మనుషుల మొహాలు చూసినవాడు ఇంక జీతం గురించి మాట్లాడడు.

అక్కడి పద్ధతి ఒకటి మీకు చెప్పాలి. తర్వాత నా కొంప మీదికి తెచ్చింది అదే. కొన్ని రన్‌వేలు లోయ చివర ఉంటాయి. రెండు పక్కలా కొండ, ఎదురుగా కొండ. లోయలో ఒక వంపు దాటేదాకా వెనక్కి తిరగొచ్చు. దాటాక తిరగడానికి చోటుండదు, ఎక్కడానికి సత్తువుండదు, దిగి తీరాల్సిందే. ఆ వంపు దగ్గర కెప్టెన్ "కమిటెడ్" అని పైకి అంటాడు. ఇక దిగడం ఖాయం అని దానర్థం. ఆ మాట తర్వాత విమానంలో ఎవ్వరూ నోరు తెరవరు. నావిగేటర్ మ్యాపు మూసేస్తాడు. ఇంజనీరు చేతులు కట్టుకుంటాడు. చక్రాలు నేలకి తగిలేదాకా కెప్టెన్ ధ్యాస చెదరగొట్టకూడదు. ఆ లోయల్లో అది సరైన పద్ధతి. దాని వల్లే నేనివాళ బతికున్నాను.

నాకైతే అది కొత్తగా కూడా అనిపించలేదు. మా నాన్నదీ అదే తీరు. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరం తేలిందంటే అంతే. ఒక ఏడు పూత మీద తోట మాట్లాడుకున్న వారానికే గాలివాన వచ్చి సగం రాలిపోయింది. గుమాస్తా వద్దు మొర్రో అని చెబుతూనే ఉన్నా వెనక్కి తగ్గలేదు. "అన్నాక అన్నట్టే" అన్నాడు. ఊళ్ళో ఆయనకి ఆ పేరుంది. నేను ఆ ఇంట్లో పుట్టి, ఆ లోయల్లో పెరిగినవాణ్ణి.

నలభై దాటాక మళ్ళీ స్కూలు

ఇరవై ఏళ్ళు నిండాక బయటికొచ్చాను. పిల్లలు కాలేజీకొచ్చారు, సుశీల ఏటా ఇల్లు మార్చి మార్చి విసిగిపోయింది, నాకు ఆఫీసు కుర్చీ ఇచ్చి ఎగరడం తగ్గించేశారు. ఈ మూడూ కారణాలే.

మిలిటరీ పైలట్ అయినంత మాత్రాన సివిల్ లైసెన్సు చేతిలో పెట్టరు. మళ్ళీ పరీక్షలు రాయాలి. ఇరవై ఏళ్ళ పిల్లల మధ్య బెంచీ మీద కూర్చుని రాశాను. వాతావరణం పేపరులో మార్కులు బాగా వచ్చాయి, రూల్స్ పేపరులో పోయాను. పక్కన కూర్చున్న పిల్లవాడు "అంకుల్, మీరు ఎగిరి ఎగిరి చదవడం మర్చిపోయారు" అన్నాడు. నిజమే. రెండోసారికి వాడి నోట్సే తీసుకుని పాసయ్యాను.

ఎయిర్‌లైన్స్‌లో మొదట కో-పైలట్‌గా చేరాను. రెండు ప్రొపెల్లర్ల చిన్న విమానం, చిన్న ఊళ్ళకి వెళ్ళేది. సరదా రోజులు. ప్రయాణికులతో మైకులో మాట్లాడమంటే పరేడ్ గ్రౌండ్‌లో లాగా "అందరూ కూర్చోండి. బెల్టులు" అని కట్ చేసేవాణ్ణి. ఎయిర్‌హోస్టెస్ వచ్చి "సార్, ఒక ముసలాయన భయపడి చేతులు కట్టుకుని కూర్చున్నారు, నమస్కారం చెప్పి మొదలెట్టండి" అంది. నేర్చుకున్నాను. మేకలు ఫిర్యాదు చెయ్యవు, మనుషులు చేస్తారు.

రెండేళ్ళకి కెప్టెన్ వంతు వచ్చింది. ఎడమ సీట్లో కూర్చుని విమానం నడపాలి, కుడి పక్కన కో-పైలట్, వెనక చిన్న సీటులో పరీక్షించే కెప్టెన్. మా కంపెనీలో అప్పుడు రెండే అవకాశాలు. నాకేం భయం లేదు. లోయల్లో దిగినవాడికి ఇదొక లెక్కా అనుకున్నాను. అదీ పొగరంటే.

ఫెయిల్

నా పక్కన కో-పైలట్ శ్రుతి. విశాఖపట్నం అమ్మాయి, ఇరవై నాలుగేళ్ళు ఉంటాయేమో. ప్రైవేటు స్కూల్లో నేర్చుకుని వచ్చింది, పుస్తకం కంఠతా. వెనక పరీక్షించేది మాథ్యూ సార్, నాకన్నా పెద్దాయన, మాట తక్కువ.

వర్షాకాలం. రన్‌వే కనబడుతోంది కానీ గాలి వెనక నుంచి తోస్తోంది. మేం ఉండాల్సిన దానికన్నా ఎత్తులో, ఉండాల్సిన దానికన్నా వేగంగా వస్తున్నాం. ఎయిర్‌లైన్స్‌లో రూలు చాలా సింపుల్. నేలకి ఇంత ఎత్తులోకి వచ్చేసరికి వేగం, దిగే తీరు, దారి మూడూ హద్దులో ఉండాలి. లేకపోతే దిగకూడదు, పైకి లేచిపోయి చుట్టు తిరిగి మళ్ళీ రావాలి. దాన్నే గో అరౌండ్ అంటారు. ఇద్దరు పైలట్లలో ఎవరు ఆ మాటన్నా రెండోవాడు ఎందుకని అడక్కుండా లేచిపోవాలి.

నేను సరిచేసుకుంటూ దింపేశాను. విమానం చక్కగా ఆగింది. దిగుతూ ఒక పెద్దావిడ "బాగా దించావు నాయనా" అంది కూడా. నేను మీసం మెలేసినంత పని చేసి మాథ్యూ సార్ గదిలోకి వెళ్ళాను.

"ఆ అమ్మాయి ఏమందో విన్నావా?" అన్నాడాయన.

"ఎప్పుడు సార్?"

ఆయన శ్రుతి వైపు చూశాడు. ఆమె నేల చూపులు చూస్తూ, "గో అరౌండ్ అన్నాను సార్. రెండుసార్లు" అంది.

నాకు ఒళ్ళు మండింది. "అనలేదు. అంటే నాకు వినబడదా?" అన్నాను.

"అంది," అన్నాడు మాథ్యూ సార్. "నేను వెనకే కూర్చున్నాను. మొదటిసారి అన్నాక నువ్వేమన్నావో తెలుసా? కమిటెడ్ అన్నావు. ఇది లోయ కాదు. ముందు నేలంతా చదును, పైన ఆకాశమంతా ఖాళీ, టాంకులో నూనె ఉంది, వెనక నలభై మంది ఉన్నారు. ఎవరికి కమిటెడ్ నువ్వు?"

ఫెయిల్ అని రాసి సంతకం పెట్టాడు.

ఇంటికెళ్ళి మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ అమ్మాయి మీద కోపం, ఆయన మీద కోపం, అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు సుశీల చేసిన పప్పు మీద కోపం. నాలుగో రోజు తెల్లవారుజామున వాకింగ్‌లో ఒక సంగతి తట్టి రోడ్డు మధ్యలో ఆగిపోయాను. ఎయిర్‌ఫోర్స్‌లో నాకు ఒక బాస్ ఉండేవాడు, పేరు చెప్పను. ఆయన కాక్‌పిట్‌లో ఎవరైనా నోరు తెరిస్తే అరిచేవాడు. అందుకని ఎవ్వరం ఏదీ చెప్పేవాళ్ళం కాదు. ఒకసారి తప్పు రన్‌వేకి వెళ్తున్నా నేను నోరు మూసుకుని కూర్చున్నాను, టవర్ వాళ్ళు చూసి కాపాడారు. ఆయన్ని నేను ఎంత తిట్టుకున్నానో లెక్కలేదు. ఇప్పుడు నా పక్కన ఒక పిల్ల రెండుసార్లు చెప్పింది, నేను విననే లేదు. నేను అరవను, అంతే తేడా. మిగతాదంతా ఆయనే నేను.

ఎయిర్‌ఫోర్స్ నుంచి వచ్చేవాళ్ళకి ఒకటే చెబుతాను. మీ చెయ్యి బాగానే ఉంటుంది, కన్ను బాగానే ఉంటుంది. కొత్తగా నేర్పాల్సింది చెవికి.

ఇడ్లీ ప్లేటు ముందు

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. నాకు అంత టైం లేదు, రెండో పరీక్షకి ఆర్నెల్లే ఉంది. శ్రుతిని వెతుక్కుంటూ వెళ్ళాను. నన్ను చూసి బిక్కచచ్చిపోయింది.

"అమ్మా, ఆ రోజు నువ్వు చెప్పింది నిజం. నాకు వినబడలేదన్నది కూడా నిజమే. ఈ చెవి బాగుచెయ్యాలి, నువ్వే సాయం చెయ్యాలి" అన్నాను.

"నేనేం చెయ్యగలను సార్?"

"నేనేం చేస్తున్నా సరే, నీకు బుద్ధి పుట్టినప్పుడు గో అరౌండ్ అను. గట్టిగా అనకు, ఆ రోజు అన్నట్టే మెల్లగా అను. నేను ఎందుకని అడిగితే నీకు కాఫీ బాకీ."

ఆ పిల్ల మొదట మొహమాటపడింది. వారం తిరిగేసరికి రాక్షసి అయిపోయింది. కాంటీన్‌లో ఇడ్లీ ముక్క చట్నీలో ముంచి నోటి దాకా తెచ్చుకుంటే, పక్క బల్ల మీంచి మెల్లగా "గో అరౌండ్ సార్" అనేది. నేను ఇడ్లీ ప్లేటులో పెట్టేసి, కుడిచెయ్యి ముందుకు తోసి, పవర్, ముక్కు పైకి, చక్రాలు లోపలికి అని వరసగా చెప్పి, మళ్ళీ మొదటి నుంచి తినాలి. ఒకరోజు ఒక ఇడ్లీకి అయిదు చుట్లు తిరిగాను. కాంటీన్ వాళ్ళు నాకు పిచ్చి పట్టిందనుకున్నారు. మొదటి నెలలో ఎన్ని కాఫీలు పోయించానో శ్రుతినే అడగాలి.

ఇంట్లో సుశీలకి చెప్పడం నా బుద్ధి తక్కువ. ఆవిడ దాన్ని ఆయుధం చేసుకుంది. కూరలో ఉప్పెక్కువైందని అనబోతుంటే "ఏవండీ, గో అరౌండ్." వాళ్ళ తమ్ముడి గురించి ఏదో అందామని నోరు తెరిస్తే "గో అరౌండ్." నేను గుక్క తిప్పుకుని, "సరే, మళ్ళీ వస్తా" అని లేచిపోయేవాణ్ణి. ఒట్టేసి చెబుతున్నాను, మా కాపురంలో అంత ప్రశాంతంగా గడిచిన ఆర్నెల్లు ఇంకెప్పుడూ లేవు. మళ్ళీ వచ్చేసరికి సగం మాటలు అనాల్సిన అవసరమే ఉండేది కాదు.

గన్నవరం

రెండో పరీక్ష గన్నవరం విమానానికి పడింది. మాథ్యూ సారే వెనక సీటు. కుడి పక్కన శ్రుతి. డ్యూటీ జాబితాలో పేర్లు చూసి ఆయన నవ్వాడో లేదో నాకు తెలియదు.

నేను సుశీలకి మాత్రమే చెప్పాను. సుశీల మా నాన్నకి చెప్పింది. మా నాన్న బజారంతా చెప్పాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. పరీక్ష అన్న ముక్క ఎక్కడో దారిలో జారిపోయి, "మావాడు కెప్టెనై విమానం నడుపుకుంటూ వస్తున్నాడు" అన్నది మిగిలింది. నున్న మామిడి మార్కెట్‌లో కాయ దించేసి ఖాళీగా వస్తున్న లారీని ఆపి, పాతికమంది ఎక్కి, గన్నవరం వచ్చి రోడ్డు పక్కన నిలబడ్డారు. మా నాన్న చేతిలో మల్లెపూల దండ. పక్కనే ఆయన పోటీ వ్యాపారి సుబ్బయ్య గారు. ఆయన ఎందుకొచ్చాడంటే, ఏదైనా తేడా జరిగితే కళ్ళారా చూద్దామని.

జూన్ మొదటివారం. వేడిగాలి బుసబుసలాడుతోంది. మైలవరం దాటి, మన తోటల మీదుగా చుట్టి రన్‌వేకి ఎదురుగా వచ్చాం. అన్నీ హద్దులోనే ఉన్నాయి. ఎంత బాగా వస్తున్నానో నాకే ముచ్చటేసింది. చక్రాలు తగలడానికి ఇంకెంతో లేదు.

"గో అరౌండ్," అంది శ్రుతి. మెల్లగా.

చెయ్యి దానంతటది ముందుకు వెళ్ళింది. పవర్. ముక్కు పైకి. చక్రాలు లోపలికి. రన్‌వే కిందనుంచి జారిపోయింది. రోడ్డు పక్కన లారీ, దాని మీద మనుషులు తల పైకెత్తి చూడటం ఒక్క క్షణం కనబడింది. పైకెళ్ళి, ప్రయాణికులకి నమస్కారం చెప్పి మరీ సంగతి వివరించి, చుట్టు తిరిగి వచ్చి దింపాను. ఇంజన్లు ఆపాక అప్పుడు అడిగాను, "ఏం చూశావమ్మా?"

ఆ పిల్ల మొహం పాలిపోయింది. "స్పీడు ఒక్కసారి హద్దు దాటినట్టు కనబడింది సార్. గాలి తోపు. నేను అన్నాక చూస్తే మళ్ళీ సరిగ్గానే ఉంది. తొందరపడ్డాను. నా వల్ల మీకు ఈసారి కూడా..."

"ఆపు. ఇంకోసారి అనిపిస్తే ఇంకోసారి అను" అన్నాను.

ప్రయాణికులందరూ దిగాక మాథ్యూ సార్ అక్కడే, కాక్‌పిట్‌లోనే అడిగాడు. "ఆ చుట్టు అవసరమా?"

"లేదు సార్."

"నీకు అప్పుడే తెలుసా?"

"నాకైతే అంతా బాగానే కనబడింది సార్."

"మరెందుకు లేపావు?"

"ఆ అమ్మాయి చెప్పింది. నేల దగ్గర తేల్చుకునే సంగతి కాదది, పైకెళ్ళి తేల్చుకోవచ్చు. ఇవాళ నేను ఎందుకని అడిగితే, రేపు నిజంగా అవసరమైన రోజు ఆ పిల్ల నోరు తెరవదు."

ఆయన కాగితం మీద ఏదో రాశాడు. చాలాసేపు రాసినట్టనిపించింది నాకు. నా చేతికిచ్చాడు. పాస్. కళ్ళు మసకబారి కింద సంతకం కనబడలేదు. శ్రుతి పక్కకి తిరిగి ఏడుస్తోంది, నవ్వుతోంది కూడా. మాథ్యూ సార్ టోపీ పెట్టుకుని, "ఆకలేస్తోంది" అని వెళ్ళిపోయాడు.

ఆ రోజుకి మా డ్యూటీ అక్కడే అయిపోయింది. బయటికి రాగానే పాతికమందీ మీద పడ్డారు. అందరికన్నా ముందు సుబ్బయ్య గారు.

"ఏంటబ్బాయ్, మొదటిసారి దించడం కుదర్లేదా? దగ్గరకంటా వచ్చి పారిపోయావేంటి?"

మా నాన్న మొహం కందగడ్డలా ఉంది. ఆ మాట పావుగంట నుంచి వింటున్నాడని చూస్తేనే తెలుస్తోంది. డెబ్భై దాటిన మనిషి, దండ ఎండకి వాడిపోయింది. నన్ను పక్కకి లాగి అడిగాడు.

"ఏమైందిరా?"

"ఏం కాలేదు నాన్నా. పక్కనున్న అమ్మాయి వద్దంది, లేపేశాను."

"ఏం, విమానంలో ఏదైనా లోపమా?"

"ఏం లేదు. దింపినా బాగానే దిగేది. తర్వాత చూసుకుంటే తనే పొరబడింది."

"పొరబడిందా? అయినా ఆ పిల్ల అనగానే తిప్పేశావా? ఇంతమంది చూస్తుండగా?"

"తిప్పేశాను. అందుకే పాస్ చేశారు."

కోప్పడతాడనుకున్నాను. అన్నమాట వెనక్కి తీసుకోని మనిషి, ఆయన ముందు ఇలాంటి మాట చెప్పడం నాకూ మొదటిసారి. ఆయన మాత్రం చుట్టూ చూసి "ఆ అమ్మాయేదీ?" అన్నాడు.

శ్రుతి కాస్త దూరంగా పెట్టె పట్టుకుని నిలబడి ఉంది. ఆయన జనాన్ని తప్పించుకుంటూ, సుబ్బయ్య గార్ని మోచేత్తో పక్కకి నెట్టుకుంటూ ఆమె దగ్గరికి వెళ్ళి, ఆ దండ ఆమె చేతుల్లో పెట్టాడు.

"అయ్యో, ఇది సార్‌కి కదండీ తెచ్చారు" అంది శ్రుతి కంగారుగా.

"వాడికే తెచ్చానమ్మా," అన్నాడు మా నాన్న. "కానీ నలభై అయిదేళ్ళుగా నేను చెబుతున్నాను, వాళ్ళమ్మ చెబుతోంది, పెళ్ళాం చెబుతోంది. వీడు ఒకరు వద్దంటే ఆగడం ఇవాళ చూశాను. వాడికి ఇంట్లో అన్నం పెడతాంలే. ఇది నువ్వుంచుకో."

పాతికమందీ నవ్వారు. సుబ్బయ్య గారు కూడా నవ్వారు. నేను ఉత్త మెడతో మా సిబ్బందిని హోటల్‌కి తీసుకెళ్ళే బండెక్కాను, మళ్ళీ అంత సంతోషంగా ఏ బండీ ఎక్కలేదు.